నాలుగో మాట

కూతురు పిట్ట నిద్రలో మాట్లాడుతుందని తల్లికి ఎప్పటినుంచో తెలుసు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేది. కాస్త పెద్దయ్యాక పక్కింటి పిల్లతో పోట్లాడేది, అది కూడా సగంలో ఆపేసి ఓడిపోయినదానిలా నిట్టూర్చేది. పొద్దున్న అడిగితే "నేనా, ఎప్పుడూ" అని మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయేది. అవన్నీ నవ్వుకోవడానికి పనికొచ్చే మాటలు. నీళ్ళ కంపెనీలో ఉద్యోగం వచ్చాక మొదలైన మాటలు మాత్రం నవ్వుకోవడానికి పనికిరాలేదు.

"గొడుగు... మేక... నిచ్చెన..." అని, కాస్త ఆగి, నాలుగోది.

వాళ్ళ నాన్న పోయినప్పటినుంచీ ఇంట్లో ఇద్దరే. ముందు గదిలో తల్లి కుట్టు మిషను, వెనక గదిలో పిట్ట మంచం, మధ్యలో గళ్ళ కర్టెను. డ్యూటీనుంచి వచ్చి భోంచేసి పిట్ట కాసేపు నడుం వాల్చేది. ఆ కర్టెను దాటుకుని ఆ నాలుగు మాటలూ అదే వరసలో, అదే గొంతుతో, బళ్ళో పాఠం ఒప్పజెప్పినట్టు వచ్చేవి. మొదటిసారి విన్నప్పుడు తల్లి పిల్లకి జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది. తర్వాత తలకి దెబ్బేమైనా తగిలి దాస్తోందేమోనని జుట్టు పాయలు తీసి వెతికింది. పాలు పొంగితే ఇల్లంటుకుంటుందని, పిల్ల పావుగంట ఆలస్యమైతే బస్సు బోల్తా పడిందని నమ్మే మనిషికి ఇలాంటివి చూస్తూ ఊరుకోవడం చేతకాదు. చివరికి అడిగేసింది.

పిట్ట మొహం తెల్లబోయింది. "ఎవరితోనైనా అన్నావా?"

"గొడుగూ మేకా అని ఎవరితో అంటానే? పిచ్చిదాన్ననుకోరూ?"

"మర్చిపో అమ్మా. నీకు దణ్ణం పెడతా. ఇప్పుడే మర్చిపో."

మర్చిపొమ్మంటే మర్చిపోయే మనుషులు లోకంలో ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు. ఆ ఇంట్లో మాత్రం లేరు. సంగతేమిటో చెప్పేదాకా తల్లి ముద్ద ముట్టలేదు. పిట్టకి చెప్పక తప్పలేదు.

ఊరంతా తాగే నీళ్ళలో కలిపే మందు గ్యాసుగా పెద్ద పెద్ద సిలిండర్లలో ఉంటుందట. ఆ సిలిండర్ల గదికి ఇనప తలుపు. సిలిండర్ల గది మధ్యలో, దానికి అటొక గది, ఇటొక గది. ఇటు గదిలో పిట్ట, అటు గదిలో ఇంకెవరో. ఇద్దరికీ చెరొక కంప్యూటరు, చెరో నాలుగు మాటలు. పిట్ట తన మాటలు కొట్టి కూర్చుంటుంది. అవతలి మనిషి తన మాటలు కొడితే గోడమీద పచ్చలైటు వెలుగుతుంది. రెండు సగాలూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు మాస్కులు బిగించుకున్న వేరే మనుషులు వచ్చి, లోపలికి వెళ్ళి సిలిండర్లు మార్చి వస్తారు.

"తలుపు తెరిచేవాళ్ళు లోపలికి వెళ్ళరు. లోపలికి వెళ్ళేవాళ్ళకి తలుపు తెరవడం రాదు. ఎంత మందు కలపాలో చెప్పేవాళ్ళకి ఈ రెండూ రావు" అంది పిట్ట.

"మనుషులంటే అంత అపనమ్మకమేమిటే?"

"అపనమ్మకం కాదమ్మా. ఎంత మంచివాడికైనా ఒక చెడ్డరోజు వస్తుంది కదా. ఆరోజున వాడొక్కడి చేతిలో ఊరంతా ఉండకూడదు."

మంచివాడి చెడ్డరోజు. ఆ మాట తల్లికి ముల్లులా దిగింది. "అవతలి గదిలో ఎవరు?" అంది.

"తెలీదు. తెలియకూడదు. నాది ముందు గేటు, వాళ్ళది వెనక గేటు. నేను ముందెళ్ళి ఆఖర్న వస్తాను, వాళ్ళు వెనకెళ్ళి ముందొస్తారు. బస్టాపులో కూడా ఎదురుపడకూడదని."

"ఆడా మగా అదైనా తెలీదా?"

"పచ్చలైటు" అంది పిట్ట. "నాకు తెలిసినంతవరకూ ఆ మనిషొక పచ్చలైటు."

"మరి నీ మాటలు ఇంకెవరైనా కొడితే?"

"మిషనుకి ఎవరి చెయ్యైనా ఒకటే, ఏ గదిలోంచి కొట్టినా ఒకటే. దానికి మాటలు కావాలంతే. అందుకే మాట బయటపడిందంటే వెంటనే చెప్పెయ్యాలి. చెప్తే వాటిని మార్చేస్తారు, నా కుర్చీ కూడా మార్చేస్తారు."

"అయితే నేను విన్నానని చెప్పాలన్నమాట."

పిట్ట చాలాసేపు కంచంలో గీతలు గీసింది. "నువ్వేగా" అంది చివరికి. "అమ్మ కూడా బయటి మనిషేనా?"

అలా ఆ సంగతి ఇంట్లోనే ఉండిపోయింది.

ఉండిపోయిందనే ఇద్దరూ అనుకున్నారు. మర్చిపోవాలని తల్లి ఎంత తంటాలు పడిందో ఆ మాటలు ఆమెకి అంత అతుక్కుపోయాయి. మిషను తొక్కుతుంటే కాలి కింద పెడలు అదే వరసలో కదిలేది. గొడుగు, మేక, నిచ్చెన. పెదవులు వాటంతటవే గొణిగేవి. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి కుట్టు చివరికొచ్చేది, ఆమె వంగి దారం పళ్ళతో కొరికేసేది. కత్తెర పక్కనే ఉంటుంది. అయినా కొరకడమే అలవాటు. పళ్ళు అరుగుతాయని పిట్ట ఎన్నిసార్లు పోట్లాడినా పోని అలవాటు.

ఎండలు తగ్గి మబ్బులు కమ్ముతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, పిట్ట ఇంకా రాకముందు, గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియలేదు. అడుగుల చప్పుడు లేదు. కాళ్ళకేమో మగవాళ్ళ బూట్లు, కాళ్ళకంటే పెద్దవి. వాటితో చప్పుడు కాకుండా ఎలా నడిచిందా అని తల్లి తర్వాత చాలాసార్లు అనుకుంది.

"చొక్కా సైజు తగ్గించాలి చెల్లీ" అంది ఆవిడ.

నీలం చొక్కా. జేబుమీద నీటిబొట్టు గుర్తు. పిట్ట వేసుకునే యూనిఫారమే. తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నీళ్ళ కంపెనీలో బోలెడుమంది పనిచేస్తారు. అందరికీ అవే చొక్కాలు.

"ఎవరిది అక్కా?"

"మావాడిది. తలుపు పిడికి తగులుకుంటోంది. భుజాలు తగ్గించు. చేతులు పొట్టి చెయ్యి. ఛాతీ దగ్గర మాత్రం వదులుగా ఉంచు."

"బాగా చిక్కిపోయాడేమిటి పిల్లాడు?"

"చిక్కిపోయాడు" అంది ఆవిడ, అదేదో మామూలు సంగతిలా.

కొలతకి పాత చొక్కా తెచ్చారా అంటే ఆవిడ సంచిలోంచి ఒక జాకెట్టు తీసింది. దీనంత చాలు అంది. అది ఆడవాళ్ళ జాకెట్టు. తల్లికి అడగాలనిపించింది. కానీ ఒక ఇంట్లో ఎవరి బట్టలు ఎవరు వేసుకుంటారో అడిగితే దర్జీ కొట్టు నడవదు. సుద్దముక్క తీసి గీతలు గీసుకుంది.

ఆవిడ వెళ్ళలేదు. తలుపు పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. "నువ్వు కుట్టుకో, నేను కాసేపు కూచుంటా. ఇంటికెళ్తే ఏముంది" అంది. ఆవిడ దగ్గర, పిట్ట జుట్టులోంచి వచ్చే ఆ ఘాటు మందు వాసనే వస్తోంది. కొడుకు బట్టలు ఉతుకుతుంది కదా, అంటుకుని ఉంటుందని తల్లి సర్దిచెప్పుకుంది. మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తి చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని, మెడ కాస్త ముందుకు చాచి ఉంది. దూరంగా పిలుస్తున్న గొంతు ఎవరిదో పోల్చుకుంటున్నట్టు.

అప్పటికి తల్లికి ఏమీ తోచలేదు. ఆవిడ మర్నాడు కూడా వచ్చింది. చొక్కా ఇంకా కాలేదు అంటే "తొందరేం లేదు, ఇంకో జత ఉంది" అని మళ్ళీ పీటమీద కూర్చుంది. ఆ తర్వాత ఇంకోరోజు కూడా. ప్రతిసారీ పిట్ట వచ్చే వేళకి ముందే లేచి వెళ్ళిపోయేది.

ఆ రోజుల్లోనే పిట్ట ఒక పూట అన్నం కలుపుతూ అంది: "అవతలి మనిషి ఈమధ్య భలే చురుగ్గా ఉన్నాడమ్మా. ఇదివరకు నేను మాటలు కొట్టాక దగ్గి, కుర్చీ జరుపుకుని, నింపాదిగా కొట్టేవాడు. ఇప్పుడు నేను ముగించేలోపే లైటు వెలిగిపోతోంది. దగ్గు కూడా లేదు."

"దగ్గు తగ్గిందేమోలే."

"ఏమో. గోడలోంచి తట్టినట్టు వినబడుతోంది. వాళ్ళవైపునుంచి కాదు. మధ్య గదిలోంచి." తల్లి చెయ్యి నోటిదాకా వచ్చి ఆగడం చూసి పిట్ట నవ్వేసింది. "పైపులమ్మా. నీకు ఏదీ చెప్పకూడదు. భయపడ్డందుకు జీతమిస్తే ఈపాటికి మనం మేడ కట్టేవాళ్ళం."

చొక్కా పూర్తయింది. ఆవిడ దానికోసం ఆరోజు పొద్దున్నే వచ్చింది, పిట్ట డ్యూటీకి వెళ్ళిన కాసేపటికి.

"మీ అబ్బాయి ఒకసారి తొడుక్కుని చూస్తే బావుండేదక్కా" అంది తల్లి. "భుజం అటూ ఇటూ అయితే మళ్ళీ విప్పాలి."

"నేను తొడుక్కుంటే వాడు తొడుక్కున్నట్టే."

ఆవిడ చొక్కా వేసుకుంది. గుండీలు కిందనుంచి పైకి పెట్టుకుంది, మగపిల్లల్లా. సంచిలోంచి టోపీ తీసి జుట్టంతా లోపలికి తోసింది. మందు వాసనకి కంపెనీలో అందరూ కట్టుకునే తెల్ల మాస్కు కట్టుకుంది. ఆ తర్వాత నిలువుటద్దం వైపు తిరిగింది. అద్దంలో నీళ్ళ కంపెనీ మనిషొకడు నిలబడి ఉన్నాడు. భుజాలు గీత గీసినట్టు కుదిరాయి. తన చేతిపని అంత బాగా కుదిరినందుకు తల్లికి ఒళ్ళు జలదరించడం అదే మొదటిసారి.

"అక్కా, మీ అబ్బాయేడీ?"

ఆవిడ అద్దంలోంచే మాట్లాడింది. "సెలవు పెట్టి స్నేహితుడింటికి వెళ్ళాడు చెల్లీ. దారిలో లారీ. సంచి వచ్చింది. సంచిలో చొక్కా, కార్డు. సెలవు అయిపోయింది. అయిపోయాక కూడా వెళ్ళకపోతే ఉద్యోగం తీసేస్తారు కదా."

"కంపెనీలో చెప్పలేదా?"

"ఏమని చెప్పను? లేడనా? నా నోటితో నేను చెప్పను." ఆవిడ గొంతు ఎక్కడా తడబడలేదు. "అక్కడ ఎవరూ మొహం చూడరు. చూడకూడదని రూలు. మంచి రూలు. గేటు కార్డుని చూస్తుంది, గోడ లైటుని చూస్తుంది. మావాడు ఇన్నాళ్ళూ ఒక్కరోజు నాగా పెట్టలేదు, కావాలంటే ఎవరినైనా అడుగు."

"మరి మాటలు నీకెలా..."

"నిద్రలో చెప్పేవాడు. మీ పిల్ల చెప్పదూ?"

తల్లి మిషను అంచు పట్టుకుంది. ఆవిడ ఇటు తిరిగి, మాస్కు కిందికి లాగి, చంటిపిల్లకి మాటలు నేర్పుతున్నంత మెల్లగా అంది: "గొడుగు. మేక. నిచ్చెన."

"అర్థంలేని మాటలు అలా వరసపెట్టి ఎవరనుకుంటారు చెల్లీ? మా ఇంట్లోవీ అలాంటివే. వినగానే పోల్చుకున్నా. తర్వాతదే అందడం లేదు. అక్కడికొచ్చేసరికి దారం కొరికేస్తావు. ఎన్నిసార్లొచ్చి కూచున్నా అక్కడే కొరికేస్తావు." ఆవిడ తల్లి నోటివైపు చూస్తోంది, కళ్ళవైపు కాదు. "ఆ ఒక్కటీ చెప్పు."

"ఎందుకక్కా నీకది?"

"వాడు ఆ మధ్య గదిలో ఉన్నాడు. మొదట్లో నా వేలు తగలకముందే మీట దానంతటది దిగేది. వాడే నొక్కుతున్నాడని నాకు తెలుసు. ఇప్పుడు తడుతున్నాడు. నన్నే తలుపు తియ్యమంటాడు, మాస్కులవాళ్ళు వస్తే రాడు. నా దగ్గర సగమే ఉంది."

"లోపల గ్యాసు. పక్కనే మా పిల్ల కూచుంటుంది."

"లోపల నా పిల్లాడు" అంది ఆవిడ.

ఆవిడ చెప్పింది వెర్రి మాటని తల్లికి తెలుసు. తన పిల్ల ఆ తలుపుకి అవతల ఉండి తడితే తనేం చేసేదో కూడా తెలుసు. ఆ రెండోదే ఎక్కువ భయపెట్టింది.

"చెప్పను" అంది.

"మంచిదే. చెప్పకు." ఆవిడ మాస్కు పైకి లాక్కుంది. "వంటింట్లోది, వీధిలోది, ఒంటిమీదది. మాటలు ఎన్నుంటాయిలే. ఒక్కొక్కటే పెట్టి చూస్తాను."

పెద్ద బూట్లు మెట్లు దిగాయి. అప్పుడు కూడా చప్పుడు లేదు.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తల్లి భయపడుతూనే ఉంది. నిప్పుకి, నీటికి, కుక్కలకి, బస్సులకి, వేళకి మోగని ఫోనుకి. తీరా ఇప్పుడు భయం నిజంగా వచ్చేసరికి, ఎన్నాళ్ళనుంచో వస్తాడనుకుంటున్న చుట్టం చివరికి గుమ్మంలోకి వచ్చినట్టయింది. పిట్టకి ఫోను చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఫోన్లు గేటు దగ్గరే వదిలెయ్యాలని గుర్తొచ్చింది. చెప్పులు వేసుకుని, తలుపుకి తాళం వేసిందో లేదో మొట్టమొదటిసారి వెనక్కి తిరిగి చూసుకోకుండా, బస్సెక్కింది.

ముందు గేటు దగ్గర కాపలావాడు టీ తాగుతున్నాడు.

"పిట్టని పిలవాలి బాబూ. తొందరగా."

"పక్షులకి ఇక్కడ ఐడీ కార్డులు లేవమ్మా."

"మా అమ్మాయయ్యా. తలుపు గదిలో పనిచేస్తుంది. మీ వెనక గేటునుంచి రోజూ చచ్చిపోయినవాడు డ్యూటీకి వస్తున్నాడు."

కాపలావాడు గ్లాసు కింద పెట్టాడు. ఆమెని పైనుంచి కిందికి చూశాడు. ఎండలో వచ్చారు, నీడలో కూచోండమ్మా అన్నాడు. ఆమె కూర్చోలేదు. గేటు ఊచలు పట్టుకుని కదలనని నిలబడింది. చివరికి విసుగుపుట్టి వాడు ఇంజనీరుకి ఫోను చేశాడు.

ఇంజనీరు నెమ్మదైన మనిషి. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. నమ్మినట్టు లేదు, కానీ కొట్టిపారేసినట్టూ లేదు.

"మీ అమ్మాయి మాటలు మీకు తెలుసంటారు."

"తెలుసు బాబూ. చెప్తాను వినండి."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఆగండమ్మా. నా ముందు అనకండి. నాకు తెలియకూడదు."

"తెలియకపోతే నేను చెప్పేది నిజమో కాదో మీరెలా తేలుస్తారు?"

ఆ మాట ఇంజనీరుకి కొత్తగా తట్టినట్టుంది. "నేను తేల్చలేను" అన్నాడు నెమ్మదిగా. "మీ అమ్మాయి ఒక్కతే తేల్చగలదు."

పిట్టని పిలిపించారు. తల్లిని గేటు దగ్గర చూడగానే పరుగున వచ్చింది, ఇంట్లో ఎవరో పోయారన్నట్టు. తల్లి ఆమె చెవి దగ్గరికి వంగి నాలుగు మాటలూ చెప్పింది. నాలుగోది కూడా. ఇంజనీరు అటు తిరిగి నిలబడ్డాడు.

"అవేనా?" అన్నాడు గోడవైపు చూస్తూ.

కాదు అంటే అయిపోతుంది. అమ్మకి కాస్త చాదస్తం సార్, అంటే అందరూ నమ్ముతారు. కుర్చీ ఉంటుంది, జీతం ఉంటుంది, అమ్మని ఆటో ఎక్కించి పంపేస్తారు. ఆ సంగతి పిట్ట కళ్ళలో కదలడం తల్లి చూసింది. ఈ పిల్లని కడుపులో ఉన్నప్పటినుంచీ చదువుతున్న మనిషి. కూతురి కాలరు ఒక పక్క మడతపడి ఉంటే సరిచేసింది.

"అవే సార్" అంది పిట్ట. "ఎప్పుడో చెప్పాల్సింది. మా అమ్మేగా అనుకున్నాను. అమ్మని మనుషుల లెక్కలో వేసుకోలేదు."

అందరూ అటు గదిలోకి వెళ్ళేసరికి గోడమీద ఎర్రలైటు వెలుగుతోంది. తప్పు మాటలు కొన్నిసార్లు పడితే మిషను ఇక ఎవరి మాటా వినదట. కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఇనప తలుపుకి చెంప ఆనించి నిలబడి ఉంది, చంటిపిల్లాడు నిద్రపోయాడా లేదా అని తల్లి వినే తీరులో. టోపీ కింద పడి ఉంది. ఇంతమంది వచ్చినా తిరగలేదు.

తల్లి దగ్గరికి వెళ్ళి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "ఏం పెట్టి చూశావక్కా?"

"కుండ పెట్టాను. దీపం పెట్టాను." ఆవిడ గొంతు మొదటిసారి సన్నబడింది. "ఆఖరికి వాడి పేరు పెట్టాను. అది కూడా కాదంది."

అప్పుడు లోపలినుంచి తట్టిన చప్పుడైంది.

మూడుసార్లు. తర్వాత ఆగింది. ఆగడం అంటే అయిపోవడం కాదు. బదులుకోసం చూస్తున్నట్టు ఆగింది.

"పైపు" అన్నాడు ఇంజనీరు. "గాలి చిక్కుకుంటే అలాగే కొట్టుకుంటుంది."

"పైపు అటు గోడకి కదా సార్" అంది పిట్ట.

"విన్నావుగా చెల్లీ" అంది ఆవిడ. నాలుగో మాట తల్లి నాలుక చివర వరకూ వచ్చి కూర్చుంది. మిషను మొరాయించింది, ఇప్పుడు ఆ మాటకి ఏ తలుపూ కదలదు. అయినా పళ్ళు బిగబట్టుకుని, ఆవిడని నడిపించుకుంటూ బయటికి తీసుకొచ్చింది. గేటు దగ్గర ఆవిడ చొక్కా విప్పి, మడతపెట్టి, తల్లి చేతుల్లో పెట్టింది. "భుజాలు బాగా కుదిరాయి" అంది. సాయంత్రానికి ఆవిడ తమ్ముడు వచ్చి తనింటికి తీసుకెళ్ళాడు.

రెండు గదుల మాటలూ మార్చేశారు, మనుషుల్ని కూడా మార్చేశారు. పిట్టకి మీటర్ల సెక్షన్లో కుర్చీ వేశారు. జీతం తగ్గింది, కిటికీ లేదు. కొన్నాళ్ళు తల్లితో ముక్తసరిగా మాట్లాడింది. తర్వాత ఎప్పటిలాగే అయింది. నిద్రలో ఇప్పుడు ఏమీ మాట్లాడదు. తల్లి మాత్రం కర్టెను పక్కకి తీసి, ఊపిరి ఆడుతోందో లేదో చూసి వస్తుంది.

కొత్తవాళ్ళు తలుపు తెరిచిన రోజు సంగతి పిట్టకి మాస్కులవాళ్ళు చెప్పారు. లోపల ఏమీ లేదు. సిలిండర్లు, గోడకి తగిలించిన గొట్టాలు, ఎప్పటి దుమ్ము అప్పటిదే. తలుపు లోపలివైపు మాత్రం, మనిషి చెయ్యి ఆనేంత ఎత్తులో, ఒకచోట దుమ్ము లేదట. రోజూ ఎవరో తుడిచినంత నున్నగా ఉందట.

"గాలికేమో" అంది పిట్ట.

"గాలికేలే" అంది తల్లి.

ఆ తర్వాతనుంచి ఆమె ఇంట్లో ఆ నాలుగో మాట ఎత్తదు. ఎత్తకుండా గడవడం కష్టం, అది పూటపూటా కావలసిన వస్తువు. కొట్టుకి వెళ్తే డబ్బా చూపించి తెల్లది అంటుంది. పిట్ట మొదట్లో కోప్పడింది, ఆ తర్వాత తనూ అలవాటు పడింది. "అమ్మా, కూరలో అది తక్కువైంది" అంటుంది, నవ్వు దాచుకుంటూ.

"ఆ మాట ఎప్పుడో చచ్చిపోయింది కదమ్మా. ఇంక దానితో ఏ తలుపూ తెరుచుకోదు."

"ఏ తలుపూ అని నువ్వెలా చెప్తావే?"

నీలం చొక్కా మిషను పక్కన మేకుకి వేలాడుతోంది. కంపెనీవాళ్ళు అడగలేదు, ఆవిడ తమ్ముడూ రాలేదు. పారెయ్యడానికి తల్లికి చేతులు రావడం లేదు. మధ్యాహ్నాలు పిట్ట ఇంకా రాకముందు, వీధి సద్దుమణిగాక, వంటింటి గోడలో కుళాయి పైపు కొట్టుకుంటుంది. ఊరందరి పైపులూ ఆ కంపెనీనుంచే కదా వస్తాయి. మూడుసార్లు. తర్వాత ఆగుతుంది.

ఆమె కాలు పెడలు మీద నిలిచిపోతుంది. పెదవులు కదలబోతాయి. పైపు ఇంకా ఆగే ఉంటుంది, చెవి ఒగ్గి.

ఆమె వంగి దారం కొరుకుతుంది.